స్తోమత లేదను మాట

మన యిండ్లలో తఱచుగా వినబడు మాటలలో "స్తోమత లేదు" అనునది యొకటి. ఈ మాట పలికినవానిని ఎవరును మఱల ప్రశ్నింపరు. లేనివాని లేమిని తఱచి చూచుట మర్యాద కాదు గదా! అందుచేతనే కాబోలు, ఈ మాట చాటున లేమి గాక వేఱొకటి దాగియున్నప్పుడును అది మన కంటబడదు. నేనును కొంతకాలము ఈ మాట చాటున దాగియుంటిని. దాగినవాడను నేనే, వెదుకవలసినవాడను నేనే యగుటచేత పట్టుబడుట కొంత ఆలస్యమైనది. ఆ వృత్తాంతమును చెప్పుటకే ఈ వ్యాసము.

విషయము చూడ మిక్కిలి అల్పమైనది. మంచు కురియు దేశములో కారునకు వేయవలసిన టైర్లను గూర్చి నేను వ్రాయబోవుచున్నాను. తెనాలి ప్రాంతమున పుట్టి, సంక్రాంతి వెళ్లినదో లేదో చలి పోయినదని దుప్పట్లు మడిచి పెట్టుకొనువారి నడుమ పెరిగినవాడు మంచుదారులను గూర్చి చెప్పబూనుట చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును. కాని నేడు మన తెలుగునాట అమెరికాలోనో కెనడాలోనో బిడ్డ యుండని వీధి యరుదు. ఆ బిడ్డలలో అనేకులు ఏటికి నాలుగైదు నెలలు మంచుపై బండి నడుపుకొని పనికి పోవుచున్నారు. తలిదండ్రులు ఫోనులో అన్నము తింటివా యని యడుగుదురు, వెచ్చని కోటు కొనుక్కొంటివా యని యడుగుదురు. బండి క్రింది చక్రములను గూర్చి అడిగినవారిని నేను చూడలేదు. అది వారి తప్పు కాదు. తెలియని దానిని ఎవరడుగుదురు? కనుక నాకు తెలిసినంత చెప్పెదను.

నేను 2013వ సంవత్సరము ఆగస్టు నెలలో పై చదువుకై న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొననున్న బఫెలో నగరమునకు పోయితిని. అది ఈరీ సరస్సు ఒడ్డున నున్న ఊరు. శీతకాలారంభమున పడమటి దిక్కునుండి వీచు చలిగాలి, ఇంకను గడ్డకట్టని సరస్సు నీటిమీదుగా వచ్చుచు ఆవిరిని పీల్చుకొని, ఒడ్డు చేరగనే దానిని మంచుగా క్రుమ్మరించును. ఆ మంచు సన్నని పట్టీవలె పడుటయు కలదు. ఊరి కొక వైపున ఎండ కాయుచుండగనే కొన్ని మైళ్ల దూరమున మోకాలిలోతు మంచు పేరుకొనును. ఏటికి సగటున 95 అంగుళముల మంచు అక్కడ పడును. 2022 నవంబరులో ఆ నగరమునకు దక్షిణమున నున్న ఆర్చర్డు పార్కులో ఒక్క తుపానునకే 80 అంగుళములు పడినది. అనగా ఆజానుబాహువైన మనుష్యుడు నిలువునా మునుగునంత.

చదువుకొనునాళ్లలో విశ్వవిద్యాలయపు బస్సులే నాకు వాహనములు. చదువు సాగుచున్న దినములలో పరదేశ విద్యార్థి వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదని అక్కడి నిబంధన; ఆ సంపాదన గది అద్దెకును భోజనమునకును సరిపోవుచుండెను. 2015లో ఉద్యోగము దొరికినది. కార్యాలయము ఊరికి 30 మైళ్ల దూరము. అక్కడికి బస్సు లేదు. పదేండ్లు వాడిన యొక కారును 3,200 డాలర్లకు కొంటిని. అది నడచినది, వెచ్చగా నుండెను, పాటలు వినిపించెను. ఇంతకంటె కోరదగినది లేదనుకొంటిని. దాని టైర్లవంక నేను కన్నెత్తియైన చూడలేదు. ఆ యేడు మంచు చాల ఆలస్యముగా, డిసెంబరు నడిమి దాటిన పిమ్మట మొదలై, ఆ ఊరి లెక్కలో కొద్దిగనే పడినది. దైవము నాయందు చూపిన ఆ దయను నేను నా నేర్పుగా నెంచుకొంటిని.

ఇక్కడ టైరు సంగతి కొంచెము చెప్పవలసియున్నది. ఎంత పెద్ద కారైనను నేలను తాకునది నాలుగే చోట్ల. ఒక్కొక్క చోటు ఇంచుమించుగా అరచేయి యంత. బండి బరువు, లోపల నున్నవారి ప్రాణములు, ఎదుట నడచువారి ప్రాణములు ఆ నాలుగరచేతుల నేలపై ఆధారపడియుండును. ఆ నేలను పట్టుకొనునది రబ్బరు. రబ్బరునకు పుట్టుకతోనే యొక దోషము కలదు. అది ఎండకు జిగురై కరగును, చలికి పెళుసై పగులును. చార్లెసు గుడ్‌ఇయర్ అను నతడు ఈ దోషమును మాన్పుటకై ఏండ్ల తరబడి పాటుపడి, అప్పులపాలై, అప్పులవారి ఖైదులో నుండి, తుదకు 1839లో రబ్బరును గంధకముతో కలిపి కాచిన అది స్థిరపడునని కనుగొనెను. 1844లో దానికి పేటెంటు పొందెను. అయినను 1860లో అప్పులతోనే మరణించెను. ఆయన పేరు పెట్టుకొన్న టైర్ల కంపెనీ 1898లో వేఱొకరిచే స్థాపింపబడినది. ఆయనకు దానితో సంబంధము లేదు. నేటి ప్రపంచమంతయు ఆ యప్పులవాని కొలిమి మీదనే దొర్లుచున్నది.

గంధకము దోషమును తగ్గించినది గాని రూపుమాపలేదు. సామాన్యమైన టైరు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడు క్రిందికి చలి దిగగనే గట్టిపడ నారంభించును. గట్టిపడిన రబ్బరు నేలను పట్టుకొనదు. పలకమీద గాజుగోళీవలె జారును. చలికాలపు టైరును మెత్తదనము చెడని మిశ్రమముతో చేయుదురు. దాని గాడులు లోతుగా నుండును. ఒక్కొక్క దిమ్మపై సన్నని చీలికలు అసంఖ్యాకముగా నుండి మంచును కఱచి పట్టును. ఇట్టి టైరును మొదట 1934లో ఫిన్లాండు దేశపు రబ్బరు కార్ఖానావారు లారీలకై చేసిరి. 1936లో కార్లకును చేసిరి. మంచులో పుట్టి పెరిగినవారు గనుక వారికి ఆ యవసరము ముందుగా తోచినది. నేడు ఇట్టి టైరు ప్రక్కన మూడు శిఖరముల కొండయు దానిలో మంచుపువ్వును గల గుర్తుండును. "ఎం ప్లస్ ఎస్" అను అక్షరములు వేఱు. అవి గాడుల రూపమును గూర్చి చెప్పునే గాని చలిలో రబ్బరు గుణమును గూర్చి చెప్పవు. ఆ యక్షరములను చూచి అంతయు బాగున్నదనుకొను అమాయకులలో నేనొకడను.

2016 అక్టోబరులో ఇంజను నూనె మార్పించుటకు ఒక మెకానిక్కు దగ్గఱకు పోయితిని. అతడు జేబులోనుండి రెండు నాణెములు తీసెను. ఒక సెంటు నాణెమును లింకను తల క్రిందుగా టైరు గాడిలో నిలిపెను. తల కొంచెము మునిగినది. "చట్టమునకు ఇది చాలును" అనెను. న్యూయార్కు రాష్ట్రపు చట్టము కోరు లోతు అంగుళములో 32వ వంతులు రెండు మాత్రమే. పిమ్మట పావుడాలరు నాణెమును వాషింగ్టను తల క్రిందుగా నిలిపెను; తల పైకే కనబడుచుండెను. "మంచునకు ఇది చాలదు" అనెను. నా టైర్లు లింకను పరీక్షలో నెగ్గి వాషింగ్టను పరీక్షలో ఓడినవి. చలికాలపు టైర్లు నాలుగింటికి, బిగింపు కూలితో సహా, 640 డాలర్లగునని చెప్పెను.

పరదేశమున క్రొత్తగా నున్నవారికొక దురభ్యాసము కలదు. ప్రతి వెలను రూపాయలలోనికి మార్చి గుండె పట్టుకొందురు. అప్పుడు డాలరు సుమారు 67 రూపాయలు. 640 డాలర్లనగా దాదాపు 43 వేల రూపాయలు! మా నాన్నగారు ఉపాధ్యాయుడుగా పదవీవిరమణ చేసిన దినమున ఆయన జీతము అంతకంటె తక్కువ. నాలుగు నెలల మంచుకై నలుబది మూడు వేలా! "నాకు స్తోమత లేదు" అంటిని. మెకానిక్కు మాఱు పలుకలేదు. పైన చెప్పితిని గదా, ఈ మాట పలికినవానిని ఎవరును ప్రశ్నింపరు.

గదికి వచ్చి తోడివారితో చెప్పగా వారు నన్ను మెచ్చుకొనిరి. నెమ్మదిగా నడిపిన చాలునని యొకరు, జారినను బ్రేకులలోని యంత్రమే చూచుకొనునని మఱియొకరు, నాలుగు చక్రములకును బలమందు కారు కొనుట మేలని వేఱొకరు చెప్పిరి. ఈ మూడు మాటలు నేటికిని వినబడుచున్నవి గనుక సమాధానము చెప్పెదను. నెమ్మదిగా నడుపుట మంచిదే. కాని నేలనే పట్టుకొననిదానికి నెమ్మదియు జారుడే. బ్రేకులలోని యంత్రము చక్రము బిగిసిపోకుండ చూచును, లేని పట్టును సృష్టింపజాలదు. నాలుగు చక్రములకు బలమందు బండి మంచులోనుండి కదలుటలో మిన్న. ఆగుటలో దానికే మిన్నదనమును లేదు. మంచుదారిలో మనుష్యులను చంపునది కదలలేని బండి కాదు, ఆగలేని బండి.

నాకు నిజముగా స్తోమత లేకుండెనా? ఇచట నా యింటి సంగతి చెప్పక తప్పదు. ఆ యక్టోబరులోనే మా చెల్లెలికి వివాహము నిశ్చయమైనది. వరుడు బుద్ధిమంతుడు, హైదరాబాదులో ఉద్యోగము. వారి పెద్దలు నగదు వద్దనిరి. "కారు మాత్రము మీ అమ్మాయి ముచ్చటకే సుమండీ" అనిరి. వరకట్నమును నిషేధించు చట్టము మన దేశమున 1961లోనే వచ్చినది. చట్టము వచ్చినప్పటినుండి కట్నము పోలేదు గాని దానికి క్రొత్తపేర్లు పుట్టినవి; లాంఛనమనియు, కానుకయనియు, ముచ్చటయనియు. ఆఱు లక్షల కారునకు రెండు లక్షలు ముందుగా చెల్లింపవలెను. అది నేను పంపితిని. సుమారు 3 వేల డాలర్లు. మిగిలిన దానికి నాన్నగారి పేర బ్యాంకు అప్పు. నెలకు 8,500 రూపాయల వాయిదా. అదియు నేనే పంపుచుంటిని.

3 వేల డాలర్లు పంపునప్పుడు నాకు స్తోమత లేదని తోచలేదు. స్నేహితులవద్ద అప్పు తెచ్చియైన పంపితిని. 640 డాలర్లు చెప్పగనే తోచినది. మంచు పడని ఊరిలో తిరుగు కారునకు క్రొత్తటైర్లు నేనే కొనిపెట్టితిని. మంచులో తిరుగు నా కారునకు కొనలేకపోతిని. ఈ లెక్కలోని వింత నాకప్పుడు కనబడలేదు. పదిమంది చూచు పెండ్లిపందిరిలో నిలుచు కారు కంటికి కనబడును. చక్రము క్రిందనుండు రబ్బరు కనబడదు. మన సంసారములలో ఖర్చు చాలవఱకు కంటిని బట్టి జరుగుచున్నది, ప్రాణమును బట్టి కాదు.

డిసెంబరు నెలలో ఒక సాయంకాలము పనినుండి వచ్చుచుంటిని. పగలు కొంచెము కరగిన మంచు చీకటి పడగనే మఱల గడ్డకట్టినది. ఇండ్ల నడుమనున్న వీధి, కొద్దిపాటి వాలు, చివర ఎఱ్ఱదీపము. నా వేగము గంటకు 20 మైళ్లు దాటలేదు. దీపము చాల దూరముననే చూచి బ్రేకుపై కాలుంచితిని. కాలి క్రింద పెడలు గడగడ వణకెనే గాని బండి ఆగలేదు. చక్రమును త్రిప్పితిని, ముందు చక్రములు తిరిగినవి, బండి తిరుగలేదు. ఆ క్షణమున కారు నాది కాదు; వాలునది. మూలయింటి వృద్ధురాలు చేత పాఱ పట్టుకొని, తన వాకిటి మంచు తీసి, వీధి దాటుటకు అడుగు వేసినది. నేను హారను మ్రోగించితిని. ఆమె తలయెత్తి చూచి ఒక్క యడుగు వెనుకకు వేసినది. ఆమె నిలిచిన చోటనే నా కారు దొర్లుకొని పోయి, రాతిగట్టును కొట్టుకొని, దీపస్తంభమును తాకి నిలిచినది.

ఆమెకు దెబ్బ తగులలేదు. నాకును తగులలేదు. నేను దిగి నిలువబోగా కాళ్లు వణకుచుండెను. ఆమెయే నాచేయి పట్టుకొని తన మెట్టుమీద కూర్చుండబెట్టినది. నన్ను తిట్టలేదు. పాఱ కొసతో నా ముందు టైరును తట్టి చూచి, "నీవు నెమ్మదిగనే వచ్చుచుంటివి, నేను చూచితిని. తప్పు ఈ చక్రములది" అన్నది. నన్ను ఓదార్చుటకై ఆమె యామాట యన్నది. కాని చక్రములు ఏమి తప్పు చేసినవి? అవి తమ యరుగుదలను దాచుకొనలేదు. రెండు నాణెములతో ఎవరికైనను చెప్పుచునే యున్నవి. ఆమె వెనుకకు వేసిన ఆ యొక్క అడుగునకు వెల కట్టుటకు నేను పలుమార్లు ప్రయత్నించితిని. ఏ నాణెములోనికిని అది మాఱదు.

బండి బాగుచేయుటకు 1,100 డాలర్లయినవి. నా బీమా పరుల నష్టమునకే గాని నా బండికి వర్తించునది కాదు. అదియును పొదుపు పేరిటనే చేసిన పని. 640 లేవన్నవాడు 1,100 తెచ్చెను. ఎట్లు తెచ్చెనని యడిగిన ఏమి చెప్పుదును? తేవలసి వచ్చినది, తెచ్చితిని. తప్పనిసరియైనపుడు దొరకు ధనము, తప్పించుకొనదగినపుడు దొరకదు. పిమ్మట చలికాలపు టైర్లను వాయిదాల పద్ధతిపై కొనుటకు ఒక దుకాణమునకు పోయితిని.

అక్కడ నేను చూచినది ఈ వ్యాసమునకు మూలము. నాకు ముందుగా ఒక స్త్రీ నిలిచియుండెను. వృద్ధాశ్రమములో రాత్రిపూట పరిచారికగా పనిచేయునదట; ఒంటిమీద ఆ దుస్తులే యున్నవి. ఆమె రెండు పాతటైర్లు మాత్రము అడిగినది. దుకాణదారుడు మంచివాడు. రెండు మాత్రము వేయరాదని విడమఱచి చెప్పెను. ముందు రెండు నేలను పట్టుకొని వెనుక రెండు పట్టుకొననిచో, బ్రేకు వేసినపుడు బండి వెనుకభాగము కొరడా కొసవలె తిరిగిపోవునట. నాలుగింటికి వెల చెప్పెను. ఆమె చేతిలోని నోట్లు మఱల లెక్కపెట్టుకొని, వచ్చు జీతము దినమున వచ్చెదనని చెప్పి, బయట మంచు పడుచుండగా ఆ గుండుటైర్లతోనే వెళ్లిపోయినది. రాత్రి పనికి వేళయైనదట. మంచు పడినదని ఆ యుద్యోగమునకు సెలవుండదు.

ఆమె "స్తోమత లేదు" అనలేదు. అనవలసినది ఆమెయే. ఆ మాట ఆమెది. నేను దానిని అపహరించి నా పిసినారితనమునకును, నా యింటి డాంబికమునకును కప్పుకొంటిని. పోనీ, ఆమె వెంట పరుగెత్తి మిగిలిన సొమ్ము నేనిచ్చెదనంటినా? అనలేదు. సిగ్గుతో నిలిచిపోతిని. ఆమెను మఱల చూడలేదు.

2017 మాఘమాసములో చెల్లెలి వివాహము జరిగినది. కారును పూలతో అలంకరించి పందిరి ప్రక్కన నిలిపిరట, ఛాయాచిత్రములు పంపిరి. సెలవు దొరకక నేను పోలేదు. నా ప్రమాదము సంగతి ఇంటిలో నెవరికిని చెప్పలేదు. ఏప్రిలులో ఒకనాడు చెల్లెలు ఫోనులో ముఖము చూచుకొనుచు మాటాడుచుండెను. నా గదిలో మూలగా, విప్పిన చలికాలపు టైర్లు నాలుగు ఒకదానిమీద నొకటి పేర్చియుండెను.

"అన్నయ్యా, నీ వెనకాల ఆ టైర్లేమిటి? కొట్టు పెట్టావా?" అని నవ్వినది.

నేనును నవ్వి, అవి మంచునకు వేయు టైర్లనియు, ఎండకాలమున దాచవలెననియు చెప్పితిని. ఎప్పుడు కొంటివని యడిగినది. మాట తడబడినది. మా చెల్లెలు చిన్నప్పటినుండియు నా తడబాటును విడువదు. అంతయు చెప్పవలసివచ్చెను. ఆమె చాలసేపు మాటాడలేదు.

"నాకు చెప్పి ఉంటే ఆ కారు వద్దనేదాన్ని కదా" అన్నది.

"పెండ్లి చెడిపోయేది" అంటిని.

"చెడిపోయేదో లేదో నన్నడిగినవాళ్లెవరు? నాన్న అడగలేదు, నువ్వూ అడగలేదు. నా ముచ్చటంటూ కొన్నారు, నా ముచ్చటేమిటో ఎవరికీ తెలియదు. నాకు డ్రైవింగే రాదు అన్నయ్యా" అన్నది.

చదువరులారా, ఈ మాటకు నావద్ద సమాధానము లేకుండెను, నేటికిని లేదు. ఆమె పేర జరిగిన ఖర్చులో ఆమెకు మాట లేదు. నా ప్రాణమునకు సంబంధించిన లోటులో మా తలిదండ్రులకు మాట లేదు. నేను దాచితిని గదా. ఒకరినొకరు ప్రేమించుకొను నలుగురము, ఒకరికొకరము చెప్పుకొనకుండ, ఎవరికిని అక్కఱలేని వస్తువును కొని, అక్కఱయున్న దానిని మానుకొంటిమి. ఇట్టి సంసారములు మన దేశమున మాదొక్కటియే కాదు. చెల్లెలు భర్తతో చెప్పినదట. ఆయన నాతో ఆ ప్రసంగమే ఎత్తలేదు. మఱునెలనుండి మాత్రము వాయిదా తానే కట్టుకొనుచున్నట్లు నాన్నగారు తెలిపిరి. ఆయనకును ఆ కారు అడుగుట యిష్టము లేకుండెనట. ఆయననును ఎవరు నడుగలేదు.

ఇక చట్టముల సంగతి. కెనడాలోని క్విబెక్కు రాష్ట్రమున 2008 చివరినుండి చలికాలపు టైర్లు తప్పనిసరి. 2019నుండి ఆ గడువు డిసెంబరు 1వ తేదీ మొదలు మార్చి 15వ తేదీ వఱకు. మీఱినవారికి 200 మొదలు 300 డాలర్ల జరిమానా. బఫెలో నగరమునుండి వంతెన దాటిన వచ్చు ఒంటారియోలో బలవంతము లేదు గాని, 2016 జనవరినుండి అట్టి టైర్లు వేసినవారికి బీమా కంపెనీలు రుసుము తగ్గింపవలెనని నియమము కలదు. న్యూయార్కు రాష్ట్రమున ఈ రెండును లేవు. చట్టము మంచిదే, నావంటివానికి అది మేలు చేసియుండును. నేను నాణెము పరీక్షకు లొంగలేదు గాని జరిమానాకు లొంగియుందును. కాని ఆ రాత్రి పరిచారికకు జరిమానా ఏమి మేలు చేయును? ఉన్నవానికి బుద్ధి చెప్పుటకు చట్టము చాలును. లేనివానికి చేయూత కావలెను. ఈ రెండింటిని వేఱుపఱుపక, లేనివానికి బుద్ధులును ఉన్నవానికి జాలియును పంచుట మన లోకపు వాడుక.

వెలను గూర్చి నేను తరువాత నేర్చిన లెక్క యొకటి చెప్పవలెను. రెండు జతలున్నప్పుడు ఒకటి నడచుచుండగా రెండవది విశ్రమించును. ఏటిలో కొంతకాలమే అరుగుటచేత రెండును అధికకాలము వచ్చును. కనుక ఆ 640 డాలర్లును క్రొత్త ఖర్చు కాదు. చాలవఱకు ముందుగా చేసిన ఖర్చు. పాత ఇనుప రిమ్ములు నాలుగు తుక్కుబండ్లవారివద్ద కొని వానికే చలికాలపు టైర్లను బిగించి యుంచినచో, ఏటికి రెండుసార్లు టైరును రిమ్మునుండి విప్పించు కూలి తప్పును. మొదటి మంచు పడిన దినమున దుకాణమునకు పరుగెత్తుటకంటె, రద్దీ లేని నెలలలో కొనుట మేలు. వాడిన టైర్లు కొనువారు గాడుల లోతును, కొండగుర్తును, ప్రక్కనుండు నాలుగంకెలను చూడవలెను. వానిలో మొదటి రెండు తయారైన వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. గాడులెంత లోతుగా నున్నను ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడును. ఏమైనను నాలుగును ఒక్క రకముగా నుండవలెను.

ఇన్ని చెప్పినను ఒక్కసారిగా సొమ్ము చేతనుండవలెను గదా! దీనికి మందు మన యూళ్లలోనే కలదు. మా యమ్మ వీధిలోని పదిమందితో చీటీ కట్టి మాకు పుస్తకములు కొన్నది, మా యింటికి బావి త్రవ్వించినది. 2018 మే నెలలో మేమును పండ్రెండుగురము చీటీ మొదలిడితిమి. నెలకు తలకొక్కింటికి 60 డాలర్లు, నెలకొకరికి 720. వేలము లేదు, వడ్డీ లేదు. క్రొత్తగా ఉద్యోగమున చేరినవారికిని, గుండుటైర్లవారికిని మొదట, టైర్లున్నవారికి కడపట. టైర్లు కొనిన చీటీ చూపినగాని సొమ్ము చేతికీయము, ఏలయన మా పిల్లల సొమ్ము ఎటు పోవునో నాకు స్వానుభవము కలదు. మొదటి యేడు పండ్రెండుగురును తెలుగువారమే. మఱుసటి యేడు మా కార్యాలయములో నేల తుడుచు ఒక వృద్ధుడు సంగతి విని తానును చేరుదునా యని యడిగెను. అతనికి చీటీ యను మాట పలుకరాదు; వాయిదా మాత్రము ఎన్నడును తప్పలేదు. అతనికి మొదటి నెలనే ఇచ్చితిమి. అది దానము కాదు. తన సొమ్మే ముందుగా తీసికొనెను. ఆ పరిచారికకు ఆనాడు కావలసినదియు ఇంతమాత్రమే.

బిడ్డలను చలిదేశములకు పంపిన తలిదండ్రులకు నా విన్నపము స్వల్పము. అక్టోబరు నెల రాగానే, అన్నము సంగతి యడిగిన పిమ్మట, బండి చక్రములు మార్చితివా యని యొకమారు అడుగుడు. స్తోమత లేదని వాడనినచో అంతటితో ఊరకుండకుడు. ఈ నెల ఇంటికి ఎంత పంపితివి, ఎందునకు పంపితివి యని కూడ అడుగుడు. వాడు తడబడవచ్చును. ఆ తడబాటులో మీ యింటి లెక్కయంతయు బయటపడును.

నేనిప్పటికిని ఆ వీధినే పనికి పోవుచున్నాను. మూలయింటిలో ఆమె యింకను ఉన్నది. ఇప్పుడు మంచు తీయుటకు పొరుగు కుఱ్ఱవాడు వచ్చుచున్నాడు. చలికాలమున ఎఱ్ఱదీపము చూచి నేను బ్రేకుపై కాలుంచగా బండి గీతకు ఇవతలనే ఆగుచున్నది. కిటికీలోనుండి ఆమె ఒక్కొక్కప్పుడు చేయి యెత్తును. నేనును చేయి యెత్తుదును. అంతే.